తెగిన పోగుకు ముడి వేసే విధానం

పెనుకొండ,
6 జులై 2024.

అన్నకు,

బాగున్నానని మొదలుపెట్టే ఓపిక కూడా లేదు. వారం రోజులుగా నా నాలుగో తరగతి పిల్లలకు ఒకటే పాఠం చెబుతున్నాను. ఒక పని ఎలా చేయాలో, ఆ పని తెలియనివాడికి అర్థమయ్యేలా వరుసగా రాయాలి. ఇంతే. పద్నాలుగు మంది పిల్లలు, పద్నాలుగు మందీ నా ప్రాణం తోడేస్తున్నారు.

మొన్న హరి అనే పిల్లవాణ్ణి లేపి, "నల్లబోర్డు తుడిచేది ఎట్లో చెప్పు, నువ్వు చెప్పినట్టే చేస్తా" అన్నాను. "బోర్డు కాడికి పోవల్ల టీచర్" అన్నాడు. పోయాను. "తుడవల్ల" అన్నాడు. కొంగుతో తుడిచాను. "అట్ల కాదు టీచర్, డస్టరుతో!" అని క్లాసంతా అరిచింది. మరి ఆ మాట చెప్పలేదేమిరా అంటే, "నీకు తెలుసు గదా టీచర్" అన్నాడు. అదీ వీళ్ళ జబ్బు. నాకు తెలుసు కాబట్టి వాళ్ళు రాయరు.

అంటే ఏమీ తెలియని మనిషి ఒకడు కావాలి నాకు. వెంటనే నువ్వు గుర్తొచ్చావు. నలభై ఆరేళ్ళొచ్చాయి, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని చీర నేయడం తప్ప ఇంకో పని తెలియదు నీకు. కాఫీ కూడా శ్రీదేవి వదిన చేతికిస్తేనే. అందుకని మూడు కాగితాలు పంపుతున్నాను. హరి రాసింది ఉగ్గాణి చేసే విధానం. మురళి రాసింది లేపాక్షికి వెళ్ళే విధానం, అది మొత్తం రెండు వాక్యాలు. మూడోది మారక్కది, గొర్రెపిల్లకు సీసాతో పాలు తాపే విధానం. వాళ్ళది గొర్రెలు కాసే కుటుంబం. అయిదు వాక్యాలు రాయమంటే మూడు పేజీలు రాసింది. ఆ మూడు పేజీలూ ప్రశ్నలే, పాలు ఇంకా సీసాలో పడలేదు.

రాసింది రాసినట్టు చెయ్యి. రాయనిది చెయ్యొద్దు. వదినను అడగొద్దు. నాకు ఫోన్ చెయ్యొద్దు. చేస్తే నువ్వు అడుగుతావు, నేను చెప్పేస్తాను, ఇంక రాత దేనికి? ఏం జరిగిందో ఉత్తరంలో రాయి. పిల్లలకు చదివి వినిపిస్తాను.

చౌడేశ్వరి


ధర్మవరం,
15 జులై 2024.

చౌడమ్మా,

నేను చెప్తాండా, నా కూతురు రాణి రాస్తాంది. నేను మగ్గం దిగితే పని నిలిచిపోతాది, అందుకని.

నీ హరి ఉగ్గాణి చేసినా. వాడు రాసినట్టే. "బొరుగులు నీళ్ళలో వేయాలి" అన్నాడు, వేసినా. "ఎర్రగడ్డలు, మిరపకాయలు కోయాలి" అన్నాడు. ఎర్రగడ్డ పొట్టు తీయమని లేదు, తీయలేదు. నాలుగు గడ్డలు కోసేసరికి అర్ధగంట పట్టింది, కత్తి రెండుమార్లు జారి కింద పడింది. అంతసేపూ బొరుగులు నీళ్ళల్లోనే ఉండాయి. తీయమని యాడ రాసినాడు? "తిరగవాత పెట్టి కలపాలి" అన్నాడు. నూనె ఎంతో లేదు, కాబట్టి సీసా వంచినా. బొరుగులు, నీళ్ళు, పొట్టు, అన్నీ కలిపినా. చివర "తినాలి" అని ఉండాది. అదొక్కటి నావల్ల కాలేదు. మీ వదిన గడప మీద కూర్చుని కండ్లనీళ్ళు కారేదాకా నవ్వింది. తర్వాత నూనె సీసా చూసి నవ్వు ఆపింది.

మురళి కాగితం ఇంగా సులువు. "బస్సు ఎక్కాలి. దిగాలి." బస్టాండుకు పోయి నిలబడిన బస్సు ఒకటి ఎక్కినా, దిగినా. కండక్టరు "ఏమప్పా, నీకేమన్నా పని లేదా?" అన్నాడు. లేపాక్షి రాలేదు చౌడమ్మా.

ఆ మారక్క ఎవురో గాని నన్ను పిచ్చోణ్ణి చేసింది. గొర్రెపిల్ల తల్లి ఎట్ల చచ్చిపోయింది, రోగమొచ్చిందా, కుక్క కరిచిందా, పిల్ల వయసెన్ని దినాలు, పాలు ఆవువా మేకవా అని నన్నడుగుతాది. చెప్పమంటే అడుగుతాదేందా పిల్ల?

నన్నడిగితే ఇదంతా వృథా పని. పని అనేది రాస్తే రాదు. మన నాయన నాకు ఒక్క మాట చెప్పినాడా? పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రెండేండ్లు చూసినా, మూడో ఏడు నేసినా. ఆ పిల్లోళ్ళను ఇడిసిపెట్టు, ఆడుకోనీ.

శివకృష్ణ


పెనుకొండ,
22 జులై 2024.

అన్నకు,

నీ ఉత్తరం చదివాను. క్లాసు క్లాసంతా బెంచీల కింద పడి నవ్వింది. హరి ఒక్కడే నవ్వలేదు. మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు. సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి కొత్త కాగితం పెట్టాడు. అందులో "బొరుగులు నీళ్ళలో వేసి, పది లెక్కపెట్టి, గట్టిగా పిండి పక్కన పెట్టాలి" అని ఉంది. ఎర్రగడ్డ పొట్టుకు ఒక వాక్యం, నూనెకు ఒక వాక్యం. పుట్నాల పొడి కూడా వచ్చి చేరింది. నేను వారం రోజులు గొంతు చించుకుంటే రానిది నీ ఒక్క ఉత్తరంతో వచ్చింది. నాకు సంతోషం కంటే ఒళ్ళుమంటే ఎక్కువగా ఉంది.

అంతటితో అయిపోలేదు. హరి అడిగాడు, "ఆ మామ ఏం పని చేస్తాడు టీచర్?" చీరలు నేస్తాడని చెప్పాను. "అయితే ఆ పని రాయమను. మేము చేస్తాం. చూస్తాం" అన్నాడు. పద్నాలుగు మందీ "ఔ టీచర్, రాయమను" అని బల్లలు గుద్దారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. చీరంతా వద్దులే, ఒక చిన్న పని చాలు. తెగిన పోగుకు ముడి వేయడం రాయి. నా పిల్లల దగ్గర మగ్గం లేకపోయినా కుట్టుదారం ఉంది.

పని రాస్తే రాదని రాశావు కదా. రాకపోవడం పనిలో ఉందా, నీలో ఉందా చూద్దాం.

ఇంకోటి. రాణి ఇంటర్ రెండో సంవత్సరం. దాన్ని చదువుకోనివ్వకుండా నీ ఉత్తరాలు రాయిస్తావేం? రెండు పేజీలు రాయడానికి మగ్గం దిగలేవా? చిన్నప్పుడు నా నోట్సు కూడా నువ్వే రాసిపెట్టేవాడివి, అంత ముచ్చట పడేవాడివి నీ రాత చూసుకుని.

చౌడేశ్వరి


ధర్మవరం,
1 ఆగస్టు 2024.

చౌడమ్మా,

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దోళ్ళు. పది దినాలు తిప్పలు పడినా. నోటితో చెప్పబోతే మాట రాదు, చెయ్యి చేసేస్తాది గాని నోటికి తెలీదు. చివరికి రాణి ఒక ఉపాయం చెప్పింది. "నువ్వు ముడి వెయ్యి నాయనా, నేను చూసి రాస్తా" అనింది. పోగు తెంపి ముడేసినా, ఆ పిల్ల చూసి రాసింది. ఇదిగో.

ఒకటి. పోగు తెగిందంటే వెంటనే పని ఆపాలి.
రెండు. తెగిన కొసలు రెండూ వెతకాలి.
మూడు. ఒక కొసను ముందు పండ్లతో పట్టుకోవాలి.
నాలుగు. రెండో కొసను ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోవాలి.
అయిదు. కుడిచేతి మణికట్టును పోగు మీద బరువుగా ఆనించాలి, కదలకుండా.
ఆరు. ఎడమచేత్తోనే కొసను చుట్టూ తిప్పి, సందులో దూర్చాలి.
ఏడు. పండ్లతో ఒక పక్క, ఎడమచేత్తో ఒక పక్క లాగాలి.
ఎనిమిది. మిగిలిన కొసను అమ్మ కత్తిరిస్తుంది.

ఎనిమిదోది చూసి మీ వదిన, "నన్ను కూడా పెనుకొండకు పంపల్లా ఏమి?" అనింది. ఆ పిల్లోళ్ళకు కత్తెర వాళ్ళ టీచరు పట్టుకుంటాదిలే.

ఇంగ వాళ్ళను వేయమను. ఎన్ని ముడులు నిలుస్తాయో చూస్తా.

శివకృష్ణ


పెనుకొండ,
8 ఆగస్టు 2024.

అన్నా,

నీ చేతికి ఏమైంది?

మొన్న మంగళవారం పద్నాలుగు మందికీ దారాలిచ్చాను. పద్నాలుగు మందీ దారం పళ్ళతో కరిచిపట్టుకుని కూర్చున్నారు. మురళి సగం దారం మింగాడు, మిగతా సగం నేను బయటికి లాగాను. హరికి ముడి పడింది, ఎగిరి గంతేశాడు. మారక్క మాత్రం ముడి వేయకుండా కాగితం వంకే చూస్తూ కూర్చుంది. వేయవేమే అంటే ఆ పిల్ల అడిగింది:

"టీచర్, ఈ మామకు కుడి చెయ్యి లేదా?"

ఉంది, మా అన్నది కుడిచేతి వాటమే అన్నాను. "మరి దాని వేళ్ళకు ఒక్క పని గూడా చెప్పలేదే" అంది.

కాగితం తీసుకుని మళ్ళీ చదివాను. నువ్వు ముడి వేయడం నేను చూడలేదా? నాయన పక్కన కూర్చుని నువ్వు కుడిచేతి రెండు వేళ్ళతో రెప్పపాటులో వేసేవాడివి. పళ్ళతో పట్టుకునేవాడివా? కొస కత్తిరించడానికి వదినను పిలిచేవాడివా? ఉత్తరాలు రాణి ఎందుకు రాస్తోందో, కత్తి రెండుసార్లు ఎందుకు జారిందో ఇప్పుడు అర్థమైంది. నేను టీచర్ని. తొమ్మిదేళ్ళ పిల్లకు కనపడింది నాకు కనపడలేదు.

నా నియమం నేనే తప్పి మూడుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. నాలుగోసారి రాణి ఎత్తి, "నాయన నిద్రపోతాండాడు అత్తా" అంది. పగలు పదకొండు గంటలకు! ఆ పిల్లకు అబద్ధం చెప్పడం కూడా నేర్పలేకపోయావు.

ఏమైందో రాయి. వరుసగా, మొదటి నుంచి, ఏదీ వదలకుండా రాయి.

చౌడేశ్వరి


ధర్మవరం,
13 ఆగస్టు 2024.

చౌడమ్మా,

నీ పిల్లోళ్ళకు రాయడం నేర్పమంటే దొంగల్ని పట్టేది నేర్పినావు.

శివరాత్రికి మొదలైంది. కుడిచేతి మూడు వేళ్ళు తిమ్మిరి. రాత్రిపూట చెయ్యి విదిలించుకుంటే పోయేది, తర్వాత పగలు గూడా పోలేదు. పోగు పట్టుకున్నానో లేదో చూస్తేగాని తెలీదు. మే నెలలో హిందూపురం పోయి నరాల డాక్టరుకు చూపించినా. మణికట్టు కాడ నరం నలిగిపోతాందంట, చిన్న ఆపరేషనంట. బొటనవేలి కింద కండ కరిగిపోతాందని చూపించినాడు. "తొందరగా రా, లేటయితే కోసినా లాభముండదు" అన్నాడు.

పోయేవాణ్ణే. కానీ మగ్గం మీద వార్పు ఉండాది. వార్పు అంటే నీకు తెలుసు, నిలువు పోగులన్నీ ఒకేసారి చుట్టిస్తారు. ఇందులో మూడు చీరలొస్తాయి. ఒకటయినాక పోదామనుకున్నా. రెండోది అయినాక పోదామనుకున్నా. మూడోది మామూలు చీర కాదు. మనకు పట్టు ఇచ్చి నేయించుకునే పాపన్న ఉండాడు గదా, ఆయప్ప సొంత కూతురి పెండ్లి చీర. ఊర్లో అన్ని మగ్గాలుంటే నా మగ్గం కాడికొచ్చి, "నీ చెయ్యే కావాల శివకృష్ణా" అన్నాడు. కొంగు, దానిపైన ఐదు మూరలు మిగిలుండాయి. మధ్యలో చెయ్యి మారితే గుడ్డ మీద తెలిసిపోతాది. పోగును బిగించే దెబ్బ ఒకడిది ఇంకొకడికి రాదు, అడ్డంగా గీత పడినట్లు కనపడతాది. పెండ్లిలో వెయ్యిమంది చూసే చీర.

ఎవురికి అప్పజెప్పల్ల? మీ వదినకా? ఆమె అడ్డపోగు దారం కండెలకు చుడతాది, పోగులు అందిస్తాది. పెండ్లయిన ఇరవై రెండేండ్లలో, అడ్డపోగు తోలే నాడె నేను ఆమె చేతికి ఇచ్చింది లేదు. ఆమెకు ఎవురూ నేర్పలేదు.

అయినా జూన్ నుంచి రవంత నయంగానే ఉండాది. మధ్యాహ్నం టీ అంగడికి పోయి పేపరు చదివి వచ్చి కూర్చుంటే, పొద్దున్నుంచి ఇంత నేసినానా అని నాకే ఆశ్చర్యమేస్తాంది. చెయ్యి దానంతటదే బాగవుతాంది. నువ్వు గమ్మునుండు.

శివకృష్ణ


హిందూపురం, బస్టాండు,
17 ఆగస్టు 2024.

అన్నా,

గమ్మున ఉండను.

రాణిని అడిగి ఆ డాక్టరు పేరు కనుక్కుని, ఈ పొద్దు సెలవు పెట్టి వచ్చి మాట్లాడాను. నీ చీటీ ఇంకా ఆయన దగ్గరే ఉంది. దానంతటదే బాగవడం అనేది ఈ జబ్బులో లేదట. "మీ అన్నకు మే నెలలోనే చెప్పినాను గదమ్మా" అని ఆయన నన్ను తిట్టాడు. నీ తిట్లు నేను తిన్నాను. సెప్టెంబరు పదకొండున ఆపరేషనుకు పేరు రాయించాను. నువ్వు రాకపోతే పద్నాలుగు మంది పిల్లల్నీ ఆటో ఎక్కించుకుని ధర్మవరం వస్తాను. మురళిని మీ ఇంట్లో వదిలేసి పోతాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం నువ్వు. ఒక చీర కోసం చెయ్యి పోగొట్టుకుంటావా? ఆ చెయ్యి పోయాక ఎవరి పెళ్ళికి ఏం నేస్తావు?

వదినకు ఎవరూ నేర్పలేదని రాశావు. నేర్పాల్సిన వాడివి నువ్వే కదా! మిగిలిన కొంగూ ఐదు మూరలూ ఎలా నేయాలో మొదటి నుంచి చివరిదాకా రాయించు. ఏ చేత్తో, ఎంత గట్టిగా, ఎన్నిసార్లు, అన్నీ. ఏదీ ఆమెకు తెలుసనుకోవద్దు. నా హరి నేర్చుకున్నాడు, నువ్వు నేర్చుకోలేవా? వారం రోజులు గడువు.

బస్సు వస్తోంది. నీ మీద కోపంతో పెన్ను కాగితాన్ని చించుతోంది.

చౌడేశ్వరి


ధర్మవరం,
27 ఆగస్టు 2024.

చౌడమ్మా,

నాకు ఎవురి మీద అరవాల్నో తెలీక నీకు రాయిస్తాండా.

తొమ్మిది పేజీలు రాయించినా. రాణి వేలు వాచిపోయింది. మీ వదినను కూర్చోబెట్టి, "ఇదిగో, నిదానంగా చదువు, తెలీకపోతే అడుగు" అని ఇచ్చినా. గురువులాగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నా. ఆమె మొదటి పేజీ చదివింది. రెండో పేజీ చదివింది. మూడో పేజీలో రాణి చేతిలో పెన్ను లాక్కుని కొట్టేయడం మొదలుపెట్టింది!

నేను "రెండు దెబ్బలు కొట్టాలి" అని రాయించినా. కొట్టేసి "కొంగులో మూడు" అని రాసింది. "నాడె ఎడమ నుంచి" అన్నదాన్ని మార్చింది. ఆరో పేజీ మొత్తానికి అడ్డగీత పెట్టి, "ఇట్ల చేస్తే జరీ తెగుతాది. నువ్వు ఇట్ల చేయవు గదా" అనింది. ఏమే నీకేం తెలుసని అరిచి, మగ్గంలో కూర్చుని చేసి చూసినా. మూడు దెబ్బలే చౌడమ్మా. నా చెయ్యి మూడే కొడతాంది. ఇరవై రెండేండ్లుగా నేను ఏం చేస్తాండానో నాకంటే ఆమెకు బాగా తెలుసు.

అప్పుడు రాణి ఏడుపు మొదలుపెట్టింది. దాని నోట్లోంచి బయటికొచ్చింది. జూన్ నుంచి నేను టీ అంగడికి పోయిన గంటలో మీ వదిన మగ్గం గుంతలో దిగి నేస్తాందంట. దినమూ జానెడు. వీధంతా మగ్గాల చప్పుడే, నాకెట్ల తెలుస్తాది? చీర జల్దీ అయిపోతే ఆస్పత్రికి పోతానని ఆమె ఆశ. నేను తిరిగొచ్చి పని ఎక్కువైంది చూసి చెయ్యి బాగవుతాందని కులుకుతా కూర్చున్నా. ఆమె నేసినకొద్దీ నేను ఆగినా. ఎంత తెలివితక్కువ సంసారమో చూడు మాది.

చెయ్యి మారితే గీత పడతాదని నీకు అంత గొప్పగా రాయించినా గదా. వెలుగులో పరిచి, కండ్లద్దాలు పెట్టుకుని చీరంతా వెతికినా. యాడుంది గీత? ఏది నాదో ఏది ఆమెదో నాకు తెలీలేదు.

రెండు దినాలైనాక, "నాకేంటికి చెప్పలేదే?" అని అడిగినా. "చెప్పుంటే నన్ను గుంతలో దిగనిస్తా ఉండినావా?" అనింది.

ఇప్పుడు ఆమె పగలంతా నేస్తాంది. నేను పక్కన కూర్చుని కండెలు అందిస్తాండా. రెండుమార్లు తప్పు కండె ఇచ్చినానని తిట్టింది. పదకొండో తేదీకి వస్తా.

శివకృష్ణ


హిందూపురం, ఆస్పత్రి,
18 సెప్టెంబరు 2024.

చౌడమ్మా,

కట్టు మార్పించుకునేదానికి వచ్చి రెండు దినాలు ఈడే ఉండాము. ఆపరేషన్ దినం నువ్వు వచ్చి పోయినాక జరిగింది రాయిస్తాండా.

డాక్టరు ఈ పొద్దు వేళ్ళు ఒక్కొక్కటే కదిలించమన్నాడు. తిమ్మిరి పోయింది. చూపుడువేలు, నడిమివేలు బాగుండాయి. బొటనవేలు మాత్రం రాలేదు. చెంబు పట్టుకుంటాది, సైకిల్ పట్టుకుంటాది, పట్టుపోగు పట్టదు. "నాలుగు నెలలు ముందు వచ్చింటే" అన్నాడు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చినా. రాణి చూస్తాందని గూడా అనుకోలేదు.

చీర తొమ్మిదో తేదీకే అయిపోయింది. మొన్న పాపన్న వచ్చి తీసుకుపోయినాడంట. చీర మీద అరచెయ్యి పెట్టి నిమిరి, "శివకృష్ణ చెయ్యే చెయ్యి" అన్నాడంట. మీ వదినే చీర మడిచి ఆయప్ప చేతికి ఇచ్చిందంట. ఈ మాట వినిన వెంటనే పాపన్నకు ఫోన్ చేసినా. "ఆ కొంగు నేను నేయలేదు, మా శ్రీదేవి నేసింది" అని చెప్పినా. నవ్వినాడు. "మత్తు ఇంగా దిగలేదా?" అన్నాడు. మళ్ళా చెప్పినా. మళ్ళా నవ్వి, "ఆడోళ్ళు కండెలు చుట్టల్ల గాని కొంగు నేస్తారేమబ్బా" అని పెట్టేసినాడు. ఇంగెట్ల చెప్పల్ల ఈ మనిషికి?

నోటితో చెప్తే నవ్వుతాండాడు గాబట్టి రాసి పంపుతా. నువ్వు నేర్పినట్టే రాయించినా. నీ పిల్లోళ్ళకు చూపించు. ఎవురికైనా ఏమైనా అర్థం కాకపోతే చెప్పమను. అంతా బాగుంటే నువ్వే పోస్టులో వెయ్యి. అడ్రసు వెనక ఉండాది.

పాపన్నకు,
ఒకటి. నీ కూతురి పెండ్లి చీరలో కొంగు, దానిపైన ఐదు మూరలు నా భార్య శ్రీదేవి నేసింది.
రెండు. వచ్చే వార్పు శ్రీదేవి పేరు మీద రాయాలి.
మూడు. వార్పు తెచ్చినప్పుడు వాకిట్లో నిలబడి నన్ను పిలవకూడదు. ఆమెను పిలవాలి.
నాలుగు. రంగులు, అంచు, ఎన్ని దినాలు పడుతుంది అనేవి ఆమెతోనే మాట్లాడాలి.
అయిదు. కండెలు నేను చుడతాను.

శివకృష్ణ


పెనుకొండ,
24 సెప్టెంబరు 2024.

అన్నా,

ఉత్తరం చదువుతూ అయిదో నంబరు దగ్గర కాగితం హరి చేతికిచ్చాను. ఆ వాక్యం వాడే చదివాడు. నీ మీద నాకున్న కోపమంతా ఏడుపై పోయింది. అది కూడా నీ తప్పే.

పాపన్నకు రాసింది పిల్లలు రెండుసార్లు చదివారు. హరి బాగుందన్నాడు. మురళి, "మా నాయనకన్నా అర్థమవుతాది టీచర్" అన్నాడు. అందరూ చేతులెత్తారు, పోస్టు చేద్దామన్నారు. కవరు అంటించబోతుంటే మారక్క లేచింది.

"టీచర్, అత్త జూన్ నుంచి నేసింది గదా. ఈ చీర కంటే ముందు ఇంగ రెండు చీరలు పోయినాయి గదా. అవి ఏ నంబరులో ఉండాయి?"

నీ ఉత్తరాలన్నీ చదివి వినిపించింది నేనే. ఆ పిల్ల ఏదీ మరిచిపోదు. మళ్ళీ చూశాను. ఒకటి నుంచి అయిదు దాకా ఆ రెండు చీరల మాట ఎక్కడా లేదు. మరిచిపోయావో, పెళ్ళి చీర ఒప్పుకుంటే చాల్లే అనుకున్నావో నాకు తెలియదు. అడగను కూడా.

కాగితం వెనక్కి పంపుతున్నాను. ఆరో నంబరు రాయి. రాణికి చెప్పి రాయించొద్దు. ఎడమచేత్తోనైనా సరే, వంకరగా వచ్చినా సరే, నువ్వే రాయి. రాసి, ముందు వదినకు చూపించు. ఆమె కొట్టేయకపోతే నాకు పంపు. అప్పుడు పోస్టు చేస్తాను.

చౌడేశ్వరి